ఆయనకు జర్మనీలో ఉద్యోగం వచ్చింది, మరి నా క్లినిక్?

2023 మార్చిలో ఒక రాత్రి పదిన్నరకి మావారికి ఆఫర్ లెటర్ వచ్చింది. స్టుట్‌గార్ట్ దగ్గర కార్ల సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఏడాదికి 68,000 యూరోలు. నా ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ వెనకే లెక్క వేశాం. అప్పట్లో యూరో 89 రూపాయల దరిదాపుల్లో ఉంది. అంటే అరవై లక్షలు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

మాది విజయవాడ. బెంజ్ సర్కిల్ దగ్గర నాకు రెండు కుర్చీల డెంటల్ క్లినిక్ ఉండేది. ఎనిమిదేళ్లు నడిపాను. బెంజ్ సర్కిల్ నుంచి బెంజ్ కార్ల కంపెనీ ఉన్న ఊరికి వెళ్తున్నారా అని పేషెంట్లు కూడా సంతోషపడ్డారు. ఆ తర్వాత మూడు నెలలు మేం చేసిన రీసెర్చ్ అంతా ఇంతా కాదు. వీసా, జీతం, పన్ను, అద్దె, చలి, బియ్యం ఎక్కడ దొరుకుతాయి, అన్నీ చూశాం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అర్థమవుతోంది, మేం చూసినవన్నీ ఉద్యోగం వచ్చిన మనిషికి కావాల్సినవే. వెళ్లేది ముగ్గురం. ఊళ్లో మిగిలేది ఇద్దరు పెద్దవాళ్లు. ఆయన్ని పక్కన పెడితే మిగిలిన మా నలుగురి గురించి విడిగా ఎవరూ ఆలోచించలేదు, నేను కూడా.

ముందు డబ్బు సంగతి చెప్తాను, ఎందుకంటే అందరూ అడిగేది అదే. 68,000ని పన్నెండుతో భాగిస్తే నెలకు 5,667 యూరోలు. చేతికి వచ్చేది అది కాదు. ఆదాయపు పన్నుతో పాటు పింఛను, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా, ముసలితనంలో సంరక్షణకు ఇంకో బీమా, ఇవన్నీ జీతంలోనే కట్ అవుతాయి. జర్మనీలో కుటుంబ పరిస్థితిని బట్టి పన్ను తరగతులని ఉంటాయి. మావారు జూన్‌లో ఒక్కరే వెళ్లారు. మేం ఇక్కడ ఉన్నంతకాలం ఆయన ఒకటో తరగతిలో ఉన్నారు, చేతికి 3,400 చిల్లర వచ్చేది. మేం వెళ్లి అక్కడ పేర్లు నమోదు చేసుకున్నాక మూడో తరగతికి మారితే అది 4,000కి కాస్త ఇటుగా వచ్చింది. మొత్తం జీతంలో చేతికెంత వస్తుందో చెప్పే బ్రుట్టో-నెట్టో కాలిక్యులేటర్లు ఆన్‌లైన్‌లో బోలెడున్నాయి. ఆఫర్ మీద సంతకం పెట్టక ముందే మీ కుటుంబం లెక్కతో అందులో వేసి చూసుకోండి. రూపాయల్లోకి మార్చి చూడకండి, ఆ లెక్క అక్కడ కూరగాయల దుకాణంలో పనికిరాదు.

ఆరోగ్య బీమా విషయంలో మాత్రం మేం కొద్దిలో తప్పించుకున్నాం. ఏడాది జీతం ఒక హద్దు దాటితే ప్రభుత్వ పద్ధతి బీమా బదులు ప్రైవేటు బీమా తీసుకోవచ్చు. 2023లో ఆ హద్దు 66,600. మావారిది 68,000 కాబట్టి ఒక బీమా ఏజెంటు రోజూ ఫోన్ చేసి ప్రైవేటు అయితే చవక, డాక్టరు అపాయింట్‌మెంట్ కూడా తొందరగా దొరుకుతుంది అని ఊదరగొట్టాడు. నిజమే, ఒక్క మనిషికి చవకే. కానీ ప్రైవేటులో నాకూ పాపకూ వేర్వేరుగా ప్రీమియం కట్టాలి. ప్రభుత్వ పద్ధతిలో అయితే సంపాదన లేని భార్య, పిల్లలు అదే డబ్బులో వచ్చేస్తారు. పైగా ఒకసారి ప్రైవేటులోకి వెళ్లాక వెనక్కి రావడం చాలా కష్టం. ఈ ముక్క మాకు చెప్పింది అక్కడే పదేళ్లుగా ఉంటున్న ఒక తెనాలి అక్క. మా పిన్ని వాళ్ల వీధి అమ్మాయి. ఆమెతో మాట్లాడిన ఆ గంట మా మూడు నెలల రీసెర్చ్ కంటే ఎక్కువ నేర్పింది.

ఆ గంటలోనే ఆమె అడిగింది, "అంతా బాగానే ఉంది గానీ చెల్లీ, మరి నీ సంగతేంటి?"

"బ్లూ కార్డు వాళ్ల భార్యలకి వెంటనే పని చేసుకునే హక్కు ఉంటుందట కదక్కా" అన్నాను. బ్లూ కార్డు అంటే మావారి లాంటి నిపుణులైన ఉద్యోగులకి ఇచ్చే నివాస అనుమతి. మా వీసా పనులు చూసిన కన్సల్టెన్సీ ఆయన అదే చెప్పాడు.

"హక్కు ఉంటుందమ్మా. కానీ నువ్వు డాక్టరువి కదా. వాళ్లు నిన్ను నోట్లో చెయ్యి పెట్టనివ్వాలిగా."

ఆ మాట విన్నాక ఆ రాత్రే మొదటిసారి నా గురించి నేను వెతుక్కున్నాను. కన్సల్టెన్సీ ఆయన అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పాడు. జర్మనీలో కొన్ని వృత్తులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. డాక్టర్లు, డెంటిస్టులు, ఫార్మసిస్టులు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు, బడి పంతుళ్లు, అందరూ ఇందులోకే వస్తారు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది లేదు. అందుకే మన వాళ్లలో ఈ సంగతి పెద్దగా ప్రచారంలో ఉండదు. మావారి డిగ్రీ చెల్లుతుందో లేదో చూడ్డానికి అనాబిన్ అనే డేటాబేస్‌లో యూనివర్సిటీ పేరు పక్కన హెచ్ ప్లస్ ఉందో లేదో చూస్తే పది నిమిషాల్లో అయిపోయింది. నాకు అప్రోబాత్సియోన్ అనే లైసెన్సు కావాలి. దానికి మామూలు జర్మన్‌లో బీ2 (భాషా స్థాయిల్లో ఏ1 మొదటి మెట్టు, సీ2 ఆఖరిది), ఆపైన వైద్య జర్మన్‌లో సీ1 స్థాయి పరీక్ష, మన బీడీఎస్ వాళ్ల చదువుతో సమానమో కాదో పరిశీలన, సమానం కాదంటే జ్ఞాన పరీక్ష. అది పూర్తయ్యేలోపు డాక్టరు పర్యవేక్షణలో పని చేసుకోవడానికి తాత్కాలిక అనుమతి ఒకటి ఉంది, అదీ మామూలుగా రెండేళ్లకే. మా రాష్ట్రం బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో ఈ దరఖాస్తులన్నీ చూసేది స్టుట్‌గార్ట్‌లోని రెగీరుంగ్స్‌ప్రెసీడియుమ్ అనే కార్యాలయం.

ఇదంతా తెలిశాక వెళ్లొద్దని అనుకోలేదు. కానీ తెలిసి వెళ్లడం వేరు, వెళ్లాక తెలియడం వేరు. క్లినిక్‌ను నా జూనియర్‌కి అప్పగించే రోజు కళ్లనీళ్లు పెట్టుకున్నాను గానీ, ఆరు నెలల్లో అక్కడ క్లినిక్ పెట్టేస్తాననే భ్రమతో మాత్రం పెట్టె సర్దుకోలేదు. ఆ మర్నాటి నుంచే ఆన్‌లైన్‌లో జర్మన్ మొదలుపెట్టాను. ఏ1 పరీక్ష హైదరాబాద్‌లో గోథె సెంటర్‌కి వెళ్లి రాశాను. బ్లూ కార్డు భార్యలకి వీసా కోసం ఏ1 అక్కర్లేదు, అయినా రాసి మంచి పని చేశాను.

కాగితాల విషయం కాస్త వివరంగా చెప్పాలి. ఇక్కడే నేను ఎక్కువ డబ్బు, ఎక్కువ నెలలు పోగొట్టుకున్నాను.

మొదటిది అపోస్టిల్, అంటే మన కాగితం అసలైనదేనని ఇతర దేశాలు నమ్మడానికి వేసే ప్రభుత్వ ముద్ర. విదేశాలకి వెళ్తున్నామనగానే ఎవరైనా ముందు చెప్పేది డిగ్రీలకి, పెళ్లి సర్టిఫికెట్‌కి అపోస్టిల్ ముద్ర వేయించుకోమని. ఏజెంటు ద్వారా అన్నిటికీ వేయించాను. అక్కడికి వెళ్లాక తెలిసింది, భారత్ వేసే అపోస్టిల్‌ను జర్మనీ ఒప్పుకోదని. ఈ ముద్రకి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం 2005లో మన దేశానికి అమల్లోకి వచ్చినప్పుడే జర్మనీ అభ్యంతరం చెప్పింది. ఏ దేశానికి వెళ్తున్నామో ఆ దేశపు కార్యాలయం రాసిన పత్రాల జాబితా ఒక్కసారి చదివి ఉంటే ఆ ఖర్చు ఉండేది కాదు. జర్మన్‌లో ఉందని చదవలేదు. ఫోన్‌లో అనువాదం చేసుకుని అయినా చదవాల్సింది.

రెండోది, ఏ కాగితం ముందు తీసుకోవాలి, ఏది చివర్లో తీసుకోవాలి అన్నది. డెంటల్ కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్, అంటే ఈ డాక్టరు మీద ఏ ఆరోపణా లేదు అని ఇచ్చేది, బయల్దేరే ముందే జాగ్రత్తగా తీసుకుని ఫైల్లో పెట్టుకున్నాను. దరఖాస్తు పెట్టేసరికి ఏడాది దాటింది. అలాంటి కాగితం సాధారణంగా మూడు నెలలకు మించి పాతబడకూడదు. మామయ్యగారు డెబ్బై రెండేళ్ల వయసులో నా కోసం మళ్లీ తిరిగి తెచ్చారు. అదే సమయంలో, అసలు ముందే తెచ్చుకోవాల్సిన కాగితం నేను తెచ్చుకోలేదు. ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివామో, ఎన్ని గంటలు ప్రాక్టికల్ చేశామో సంవత్సరాల వారీగా కాలేజీ సంతకంతో ఇచ్చే సిలబస్ వివరం. అది పాతబడదు, కానీ పరాయి దేశం నుంచి తెప్పించుకోవడం నరకం. నా డిగ్రీ మీద డాక్టర్ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అని ఉంది. 2022లో దాని పేరు వైఎస్సార్ యూనివర్సిటీగా మారింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరే వచ్చింది. మధ్యలో తీసుకున్న లేఖ మీద ఒక పేరు, డిగ్రీ మీద ఇంకో పేరు. రెండూ ఒకటే యూనివర్సిటీ అని వివరించడానికి మరో లేఖ, దానికి ప్రమాణం చేసిన అనువాదకుడి దగ్గర జర్మన్ అనువాదం, దానికి వేరే ఫీజు.

మూడోది మన తెలుగు వాళ్లందరికీ ఉండే తలనొప్పి, ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే, డిగ్రీలోనూ అదే. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది, అదీ పుట్టింటి పేరు. మావారిది, పాపది వేరే ఇంటిపేరు. మనకి ఇది సమస్యే కాదు. అక్కడ ప్రతి కౌంటర్ దగ్గరా ఆగి చూస్తారు. ఇంకో విషయం, అక్కడ అపార్ట్‌మెంట్లకి మామూలుగా మన లాగా ఫ్లాట్ నంబర్లు ఉండవు. పోస్ట్‌మ్యాన్ ఉత్తరాల పెట్టె మీద ఇంటిపేరు చూసి వేస్తాడు. మా పెట్టె మీద మావారి ఇంటిపేరు ఒక్కటే అంటించాం. నా పేరు మీద వచ్చిన మొదటి రెండు ఉత్తరాలు తిరిగి వెళ్లిపోయాయి. ఇప్పుడు రెండు ఇంటిపేర్లూ అంటించాం. వెళ్లేవాళ్లు పాస్‌పోర్టు, డిగ్రీ, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్, ఈ నాలుగూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి పేర్లు అక్షరం అక్షరం సరిపోల్చుకోండి. సరిచేయించుకోవాలంటే అది ఊళ్లో ఉన్నప్పుడే అయ్యే పని.

ఇల్లు వెతకడం మావారి బాధ్యత. ఆయన మొదటి రెండు నెలలు సామాన్లున్న తాత్కాలిక గదిలో ఉన్నారు. అలాంటి గది తీసుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, ఈ అడ్రసు మీద అన్‌మెల్డుంగ్ చేసుకోనిస్తారా అని. కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లో ఊరి కార్యాలయంలో అడ్రసు నమోదు చేసుకోవాలి, దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. అది లేకపోతే పన్ను నంబరు రాదు, మిగతావన్నీ దాని వెనకే ఆగిపోతాయి.

చివరికి బ్యోబ్లింగెన్‌లో ఇల్లు దొరికింది. స్టుట్‌గార్ట్‌కి ఎస్1 రైలు ఉంది. మూడు గదుల ఇల్లు అంటే మూడు బెడ్‌రూములు అనుకునేరు, హాలు కూడా ఒక గదే లెక్క. మన టూ బీహెచ్‌కే అన్నమాట. కాల్ట్‌మీటె, అంటే చల్లని అద్దె, 1,150. వేడి నీళ్లు, హీటింగు, మెట్ల శుభ్రం అన్నీ కలిపిన వెచ్చని అద్దె 1,420. డిపాజిట్ మూడు నెలల చల్లని అద్దె, 3,450. అది మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టంలోనే ఉంది. మావారికి తెలియక ఒకేసారి కట్టేశారు. ఆయన వీడియో కాల్‌లో ఇల్లు చూపించారు. వంటగది తలుపు తీశారు. ఖాళీ గోడ. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన రెండు నీళ్ల గొట్టాలు, నేల దగ్గర మూత పెట్టిన ఒక డ్రెయినేజీ గొట్టం, పైన సీలింగ్‌లోంచి వేలాడుతున్న మూడు కరెంటు వైర్లు. సింకు లేదు, పొయ్యి లేదు, గట్టు లేదు, బల్బు కూడా లేదు.

"ఏమండీ, కట్టడం ఇంకా పూర్తవ్వలేదా?" అన్నాను.

"ఇక్కడ ఇంతేనట. పాతవాళ్లు వంటగది ఊడదీసి పట్టుకెళ్లిపోతారట" అన్నారు.

ఇంకో ఊరికి మారుతున్న కుటుంబం దగ్గర పాత వంటగది మొత్తం 1,200 యూరోలకి కొని, ఇద్దరు తెలుగు కుర్రాళ్ల సాయంతో వ్యానులో తెచ్చి బిగించుకున్నారు. ఇల్లు చూసేటప్పుడు ప్రకటనలో ఈబీకే అన్న మూడక్షరాలు ఉన్నాయేమో చూడండి, ఉంటే వంటగది ఉన్నట్టు. అందుకే చెప్తున్నాను, మొదటి జీతం నెలాఖరుకి గానీ రాదు, ఆలోపు ఖర్చులకి పది వేల యూరోల వరకు చేతిలో ఉంటే గుండె నిబ్బరంగా ఉంటుంది. మేం పట్టుకెళ్లింది అందులో సగం. మిగతాది ఆ తెనాలి అక్క సర్దింది.

మిక్సీ తీసుకెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. జర్మనీలో కరెంటు మన లాగే 230 వోల్టులు, ప్లగ్గు మాత్రం వేరు. అడాప్టరుతో నా మిక్సీ ఇప్పటికీ దోసెల పిండి రుబ్బుతోంది. అల్యూమినియం కుక్కరు మాత్రం ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు. అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చే స్టీలు కుక్కరే కొనుక్కోండి.

అన్నిటికంటే నాకు ఇప్పటికీ మనసులో ఉండిపోయింది పాప చదువు. వెళ్లేటప్పుడు దానికి తొమ్మిదేళ్లు. మేం రీసెర్చ్ చేసింది బడి ఫ్రీనా కాదా అని. ఫ్రీనే. కానీ అక్కడి మా రాష్ట్రంలో ప్రాథమిక బడి నాలుగో తరగతితో అయిపోతుంది. అక్కడి నుంచి పిల్లలు వేర్వేరు బడులకి విడిపోతారు, కొందరు యూనివర్సిటీ దారిలో ఉండే గిమ్నాజియుమ్‌కి, కొందరు పదో తరగతితో ముగిసే రియాల్‌షూలెకి, ఇంకా వేరే వాటికి. అంటే తొమ్మిదేళ్ల వయసులో భాష రాని పిల్లని తీసుకెళ్తే ఒక్క ఏడాదిలోనే ఆ మలుపు ఎదురవుతుంది. ఐదేళ్ల పిల్లయితే నాలుగైదేళ్లు సమయం ఉంటుంది, పద్నాలుగేళ్ల పిల్లవాడైతే సంగతి పూర్తిగా వేరు. ఏ దేశం వెళ్లినా నా లెక్కలో మొదటి ప్రశ్న ఇదే ఉండాల్సింది: మా పిల్ల వయసుకి అక్కడి బడిలో ఏం జరుగుతోంది?

అక్టోబరులో వెళ్లాం. అక్కడ బడులు సెప్టెంబరు మధ్యలోనే మొదలవుతాయి. జర్మన్ రాని పిల్లల కోసం ఉండే ప్రత్యేక తరగతిలో చేర్చుకున్నారు. వయసు ప్రకారం నాలుగులో ఉండాల్సింది, హెడ్ టీచర్‌తో మాట్లాడి మూడులో వేయించాం. ఒక ఏడాది దొరికింది. ఆ మాట అడగొచ్చని కూడా మాకు తెలియదు, అక్కే చెప్పింది. మొదటి నెలంతా పాప ఇంటికొచ్చి ఒక్క మాట మాట్లాడేది కాదు. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడిపోయేది. కిటికీ దగ్గర కూచుని, "అమ్మా, ఇవాళ నన్ను ఎవరో ఏదో అడిగారు, నాకు అర్థం కాలేదు, నవ్వాను" అని చెప్పింది. ఆ మాట నేను మరిచిపోలేను. ఎందుకంటే ఆ రోజు పొద్దున ఫోక్స్‌హోఖ్‌షూలెలో (పెద్దలకి క్లాసులు నడిపే కేంద్రం) నా జర్మన్ క్లాసులో నేను చేసింది కూడా అదే.

ఈ సెప్టెంబరులో పాప ఐదో తరగతికి రియాల్‌షూలెకి వెళ్లింది. లెక్కల్లో క్లాసులో మొదటి నలుగురిలో ఉంది, జర్మన్ ఇంకా వెనకబడే ఉంది. అక్కడి నుంచి గిమ్నాజియుమ్ దారిలోకి మారే వీలుంది. అది చదువుకుంటుంది, నాకు ఆ నమ్మకం ఉంది. కానీ ఏడేళ్ల వయసులో తీసుకొచ్చి ఉంటే దానికి ఇంత బరువు ఉండేది కాదు కదా అని రాత్రిళ్లు అనిపిస్తుంది.

అత్తయ్య, మామయ్యల విషయం. తల్లిదండ్రుల్ని తీసుకొచ్చుకోవచ్చట అని అందరూ అంటుంటారు. నిజమే, నిపుణులైన ఉద్యోగుల తల్లిదండ్రులకి 2024లో కొత్త వెసులుబాటు వచ్చింది, ఖర్చులు, ఆరోగ్య బీమా మనమే చూసుకుంటామంటే. కానీ అది 2024 మార్చి 1 తర్వాత మొదటిసారి అనుమతి పొందినవాళ్లకే. మావారి అనుమతి 2023ది. వాళ్లు విజిటర్ వీసా మీద వచ్చి తొంభై రోజులు ఉండి వెళ్లొచ్చు, అంతే. అందుకని విజయవాడలో వాళ్లకి దగ్గర్లో ఆసుపత్రి, రోజూ పలకరించే మనిషి, బ్యాంకు పనులు చూసే బంధువు, ఇవన్నీ మేం వెళ్లాక ఫోన్లలో ఏర్పాటు చేశాం. వెళ్లేముందే ఎదురుగా కూచోబెట్టి మాట్లాడాల్సింది.

ఇక నా సంగతి. ఈ ఏడాది మొదట్లో బీ2 పాసయ్యాను. ఇప్పుడు వైద్య జర్మన్ పరీక్షకి చదువుతున్నాను. ఇరవై నిమిషాలు పేషెంటుతో మాట్లాడాలి, ఇరవై నిమిషాల్లో రిపోర్టు రాయాలి, ఇరవై నిమిషాలు తోటి డాక్టరుకి కేసు వివరించాలి. వారానికి రెండు రోజులు దగ్గర్లోని ఒక డెంటల్ క్లినిక్‌లో పక్కన నిలబడి చూడనిస్తున్నారు. చెయ్యి పెట్టకూడదు. మొదటి రోజు ఆ డాక్టరు నర్సుకి "ద్రై-జెక్స్" అని చెప్పారు, మూడు-ఆరు. కింద ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్ను. పళ్లకి అంకెలు ఇక్కడా అవే, విజయవాడలోనూ అవే. ఆ క్షణంలో నాకు కలిగిన ధైర్యం ఎలా చెప్పాలో తెలియదు.

కానీ నొప్పికి అంకెలు లేవు. మన దగ్గర పేషెంటు "సలుపుతోందండీ" అంటే ఒకటి, "పోటు వస్తోంది" అంటే ఇంకొకటి, "చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది" అంటే మరొకటి. ఆ మాట వింటూనే సగం రోగం తెలిసిపోతుంది. ఇక్కడ ఒక ముసలావిడ దవడ పట్టుకుని "పోఖెండ్" అంది. సలుపు. నేను నోట్‌బుక్ తీసి ఒక పక్క జర్మన్, ఒక పక్క తెలుగు రాసుకున్నాను. ఇప్పుడు అందులో ముప్పై ఒక్క మాటలున్నాయి.

మొన్న ఆదివారం గుంటూరు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఫిజియోథెరపిస్టు. భర్తకి మ్యూనిక్‌లో ఉద్యోగం, మూడేళ్ల బాబు. "అక్కా, చలికి ఏం జాకెట్లు కొనుక్కోవాలి?" అని మొదలుపెట్టింది. జాకెట్లు ఇక్కడే కొనుక్కో అని చెప్పి, కాలేజీకి వెళ్లి నాలుగేళ్ల సిలబస్ గంటలతో సహా సంతకం చేయించుకో అన్నాను. కౌన్సిల్ వాళ్ల దగ్గర గుడ్ స్టాండింగ్ మాత్రం ఇప్పుడే తీసుకోకు అన్నాను. "ఎందుకక్కా?" అంది. పెన్ను తెచ్చుకో అని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.